వేషానికి తవ్విన గొయ్యి

మోరన్స్ గల్లీ అనే ఊళ్ళో బంగారం అయిపోయి వందేళ్ళు దాటింది. అయినా అక్కడ రోజూ బంగారం దొరుకుతూనే ఉంటుంది, ఆదివారాల్లో మరీనూ. మెల్‌బోర్న్ నుంచి బస్సుల్లో దిగిన జనం గేటు దగ్గర టికెట్టు కొనుక్కుని, వాగు ఒడ్డున గొంతుక్కూర్చుని, రేకు పళ్ళాల్లో బురద కడుగుతారు. పొద్దున్నే గేటు తీయకముందే కమిటీ మనిషి ఒకడొచ్చి ఆ బురదలో చిటికెడు బంగారు రజను చల్లిపోతాడు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, వచ్చినవాళ్ళలో సగం మందికీ తెలుసు. తెలిసి కూడా, పళ్ళెం అడుగున ఆవగింజలో వందోవంతు మెరుపు కనపడగానే బ్యాంకు మేనేజర్లూ పంటి డాక్టర్లూ కూడా కేకలు పెట్టి పెళ్ళాలని పిలుస్తారు. దాన్ని చిన్న సీసాలో వేయించుకుని ఇంటికి పట్టుకెళ్ళి టీవీ పక్కన పెట్టుకుంటారు.

అలాంటి ఊళ్ళో నిజంగా బంగారం కోసం తవ్వే మనిషి ఒక్కతే మిగిలింది. పేరు మేవిస్ పాస్కో. డెబ్బై దాటిన మనిషి, ఎముకల గూడు, ముక్కు మీద కోపం. వాగుకి ఎగువన, పాతకాలం వాళ్ళు తోడిపోసిన తెల్లమట్టి దిబ్బల మధ్య రేకుల గుడిసెలో ఉండేది. గుడిసె పక్కనే గొయ్యి, గోతి మీద చెక్క గిలక, గిలకకి తాడూ బకెట్టూ. ఆ గొయ్యి మొదలుపెట్టింది ఆవిడ ముత్తాత, కార్న్‌వాల్ నుంచి ఓడెక్కి వచ్చినాయన. తరతరాలుగా పాస్కోలు తోడిన బంగారమంతా కలిపితే ఒక్క దవడ పన్ను కట్టించుకోవచ్చేమో. ఆ పన్ను కూడా ఎవరూ కట్టించుకోలేదు.

మరి ఎందుకు తవ్వుతోందీ అంటే, అక్కడో రివాజు ఉంది. నేల సర్కారుది. కానీ ఆ కొండల్లో బంగారం పడిన నాటినుంచీ, ఎవరు గొయ్యి తవ్వుతుంటే ఆ గొయ్యీ పక్కనున్న గుడిసే వాళ్ళవి. తవ్వడం మానేస్తే ఇంకొకడు పార పట్టుకుని దిగొచ్చు. దిగి తవ్వితే ఆ చోటు వాడిది. పార ఎవరి చేతిలో ఉందన్నదొక్కటే లెక్క, ఇంకో లెక్క లేదు. ఊళ్ళో తక్కినవాళ్ళంతా ఎప్పుడో డబ్బు కట్టి తమ స్థలాలు సొంతం చేసుకున్నారు. మేవిస్ తండ్రి మాత్రం, ఉన్న హక్కుని మళ్ళీ కొనుక్కోవడమేమిటని మొండికేశాడు. ఆయన పోయాక పార మేవిస్ చేతికొచ్చింది. అప్పటినుంచీ, దుప్పట్ల మిల్లులో పనిచేసినన్నాళ్ళూ, మిల్లు మూతపడ్డాకా, జ్వరమొచ్చినా మంచు కురిసినా, పొద్దున్నే గోతిలో దిగి నాలుగు బకెట్ల మట్టి తోడి పోసేది. మధ్యలో లెన్ అనే లారీ డ్రైవరుని పెళ్ళాడింది. అతగాడు ఒక ఏడాది గొర్రెల ఉన్ని కత్తిరింపుల కాలంలో క్వీన్స్‌లాండ్ వెళ్ళి తిరిగి రావడం మరిచిపోయాడు. మేవిస్ గుర్తు చేయలేదు.

ఇంతలో ఊరి పెద్దలకి తమ ఊరు చరిత్ర అని తెలిసింది. వెంటనే కమిటీ వేశారు. పెద్ద వీధికి ఆ చివరా ఈ చివరా గేట్లు పెట్టారు, పాతకాలం ఊరిలా కనపడాలని తారు రోడ్డు మీద ఖర్చు పెట్టి మరీ దుమ్ము పోయించారు. రొట్టెల కొట్టు డాట్ హానిగన్‌ని తెల్ల టోపీ పెట్టుకోమన్నారు, టమాటా సాసు సీసా బల్ల కింద దాచమన్నారు. ఆవిడ చేసే మాంసం కజ్జికాయలు సాసు లేకుండా ఎవడూ తినడు. దాంతో జనం ఒక్కొక్కరూ బల్ల కిందకి వంగి, దొంగసరుకు పట్టుకెళ్తున్నట్టు సాసు పోసుకుని వెళ్ళేవారు.

కమిటీ అధ్యక్షుడు కోలిన్ విథర్స్. ఉద్యోగమున్నన్నాళ్ళూ మెల్‌బోర్న్‌లో ఆఫీసులకి తివాచీలు అమ్మాడు. రిటైరయ్యి ఇక్కడికొచ్చి, ఎర్రకోటూ పొడుగు టోపీ వేసుకుని గనుల కమిషనరు వేషం కట్టాడు. పాతరోజుల్లో గోతుల కోసం తగాదాలొస్తే కమిషనరు నలుగురిలో నిలబడి విచారించి, తవ్వేవాళ్ళందరి చేతులూ లేపించి, ఎక్కువ చేతులు ఎటుంటే అటు తీర్పు చెప్పేవాడట. దాన్నే పాత కచేరీ మెట్ల మీద రోజూ ఆటగా ఆడేవారు. ఇద్దరు వేషగాళ్ళు ఒక గొయ్యి కోసం తిట్టుకుంటారు, టికెట్టు కొన్న జనం చేతులు లేపుతారు, కోలిన్ తీర్పు చెబుతాడు. కొన్నాళ్ళకి అతగాడికి అది వేషమన్న సంగతి గుర్తు లేకుండా పోయింది. కాఫీ అడిగినా కమిషనరు గొంతుతోనే అడిగేవాడు.

యాత్రికులు కమిటీ కట్టిన హద్దు తాడు దాటి మేవిస్ గుడిసె దగ్గరికి రావడం అప్పుడే మొదలైంది. ఆవిడనీ వేషగత్తె అనుకునేవారు. బట్టలు ఆరేసుకుంటుంటే ఫొటోలు తీశారు. మరుగుదొడ్డి తలుపు తీసి చూసి, ఎంత బాగా కట్టారో అన్నారు. ఒకావిడ మేవిస్ చెంప మీద వేలు పెట్టి, ఈ ముడతలు దేనితో వేశారని అడిగింది. మేవిస్ పార ఎత్తి, మిల్లులో నేర్చుకున్న బూతులన్నీ వరసగా విప్పింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు కోలిన్ చెవిన పడ్డాయి. మర్నాడే వచ్చి, కమిటీ తరఫున జీతమిస్తామనీ, కారుతున్న పైకప్పు కమిటీయే మార్పిస్తుందనీ చెప్పాడు. మేవిస్ తలుపు మొహాన వేసింది. అతగాడు తలుపు బయటినుంచే ఇంకో మాట అన్నాడు.

"మేవిస్ గారూ, ఈ ఊళ్ళో అసలైన మనిషి మీరొక్కరే. మిగతా మేమంతా నకిలీలం."

జీతానికి గానీ పైకప్పుకి గానీ లొంగని మనిషి ఆ ఒక్క మాటకి పడిపోయింది. పాపం, ఆవిడని మెచ్చుకున్న మొగాడు అంతకుముందు లేడు. ఆ సాయంత్రం నీళ్ళు కాచుకుని తలంటుకుంది. మర్నాడు కోలిన్‌ని లోపలికి పిలిచి టీ ఇచ్చింది. అదే ఊరిదాన్ని, నేనైతే ఇచ్చేదాన్ని కాదు. కానీ నన్నెవరూ అసలైన మనిషి అనలేదు.

అసలైన మనిషిని సరిచేయడం మొదలుపెట్టారు. రేడియో తీసేయమన్నారు, ఆ కాలంలో రేడియోల్లేవు. రబ్బరు బూట్లు వద్దన్నారు. అల్యూమినియం కెటిల్ పట్టుకుపోయి, మసి పూసిన ఇనప కెటిల్ ఇచ్చారు. పట్నం నుంచి ఒక చదువుకున్నావిడొచ్చి గుడిసె చుట్టూ తిరిగి, అంతా బాగుంది గానీ ఒక్కటే తప్పు అంది. ఆ కాలంలో ఆడవాళ్ళు గోతుల్లో దిగేవారు కారట. కాబట్టి మేవిస్ గొయ్యి తవ్వడం చరిత్రకి విరుద్ధం. మర్నాడు గుడిసె ముందు బోర్డు వెలిసింది: 'గని కార్మికుడూ, అతని భార్యా.'

కార్మికుడు రెండ్రోజుల్లో వచ్చాడు. పేరు గ్యారీ. ఫ్రిజ్‌లు అమ్మే ఉద్యోగం పోయిన నడివయసు మనిషి, మంచివాడు, పొట్ట. గడ్డం రబ్బరు బందుతో చెవులకి తగిలించుకునేవాడు. వంగినప్పుడల్లా అది నుదుటి మీదికి జరిగేది. పారని చీపురు పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. అయినా జీతం పుచ్చుకుంటున్నందుకు రోజంతా తవ్వేవాడు. మేవిస్ తెల్ల టోపీ పెట్టుకుని గోతి ఒడ్డున స్టూలు మీద కూర్చుని, గంటకోసారి వాడికి టీ అందించేది.

కమిటీ నియమం ఒకటుండేది, దాన్ని గేటు లోపల ఎవరూ తప్పకూడదు. కొత్తవాళ్ళ ముందు వేషం విడవకూడదు. యాత్రికుడు ఏం అడిగినా, పాముకాటు మందు ఎక్కడుందని అడిగినా సరే, ఆ కాలం మనిషిలాగే జవాబు చెప్పాలి. మేవిస్‌కి ఈ విద్య ఇట్టే పట్టుబడింది. దొరగారూ, అమ్మగారూ అంటూ, లేని మొగుడి తాగుడు గురించీ, పుట్టని పిల్లల దగ్గు గురించీ చెప్పి జనం చేత కన్నీళ్ళు పెట్టించేది. ఆవిడని చూడటానికే బస్సులు రావడం మొదలుపెట్టాయి.

డాట్‌కి ఇది నచ్చలేదు. ఒకరోజు మేవిస్ కజ్జికాయ కోసం కొట్టుకెళితే, పొట్లం కడుతూ అడిగింది.

"ఏమే, నీ గోతిలో దిగినవాడెవడే?"

"వేషగాడే. కమిటీవాళ్ళు పెట్టారు."

"వాడి పార నిజందేనా?"

"నిజందే."

"తవ్వేది మట్టేనా?"

"మట్టి కాక పిండి తవ్వుతాడా?"

"మరి ఇందులో వేషమేదే?"

"గడ్డం," అంది మేవిస్.

డాట్ నవ్వలేదు. నువ్వు పొద్దున్నే లేచి నీ నాలుగు బకెట్లూ తోడుకుంటున్నావా లేదా అని నిలదీసింది. మేవిస్ మోకాళ్ళ మాటెత్తింది. చలికాలం ఆవిడ మోకాళ్ళు నిజంగానే పట్టేసేవి. ఎవడో ఒకడు తవ్వుతూనే ఉన్నాడు కదా, వేషానికి తవ్వితే తవ్వడమేనా అని, రెండు వైపులా తనకే అనుకూలంగా వాదించింది. అలా చలికాలమంతా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారిగా, మేవిస్ పాస్కో పార ముట్టుకోలేదు. కొత్త పైకప్పు కింద హాయిగా పొద్దెక్కేదాకా పడుకుంది.

తుమ్మలు పచ్చగా పూసే రోజుల్లో ఒక మధ్యాహ్నం నిక్కరు వేసుకున్న ఒకాయన గుడిసె దగ్గరికొచ్చాడు. చుట్టూ యాత్రికులున్నారు. టోపీ తీసి, తాను భూముల ఆఫీసు నుంచి వచ్చాననీ, ఈ నేల మీద పని ఎవరు చేస్తున్నారో కనుక్కోవాలనీ మర్యాదగా చెప్పాడు. ఆ వీధిలో రోజుకి రెండుసార్లు లైసెన్సులు తనిఖీ చేసే వేషగాళ్ళు తిరుగుతూనే ఉంటారు. కోలిన్ కొత్తవాడినెవడినో పెట్టాడనుకుంది మేవిస్. నిక్కరు చూసి, వీడికింకా బట్టలు ఇచ్చినట్టు లేరని కూడా అనుకుంది.

గోతిలోంచి గ్యారీ తల పైకెత్తి, తవ్వేది తానేనన్నాడు. ఎన్నాళ్ళనుంచీ అని ఆయన అడిగితే, పద్దెనిమిది వందల యాభై రెండు నుంచీ అన్నాడు. జనం నవ్వారు. ఆయన మేవిస్ వైపు తిరిగాడు.

"మీరు తవ్వరామ్మా?"

జనం చూస్తున్నారు. ఫోన్లు పైకి లేచాయి. మేవిస్ టోపీ సర్దుకుని, గొంతు వణికించి, తనకి చేతనైనంత బాగా చెప్పింది.

"ఆడవాళ్ళం మేమేం తవ్వుతాం దొరగారూ. ఈ పార బరువెంతో కూడా నాకు తెలీదు. మా ఆయనకింత టీ కాచి పోస్తాను, అంతే."

చప్పట్లు మోగాయి. ఆయన కూడా కొట్టాడు. చేతిలో అట్ట మీద ఏదో రాసుకుని, ధన్యవాదాలు చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మేవిస్ తన జవాబుని రెండుమూడు సార్లు మళ్ళీ పలికి చూసుకుని మురిసిపోయింది.

కొన్ని వారాల తరవాత కోలిన్ వచ్చాడు. మొట్టమొదటిసారి ఆ పొడుగు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. భూముల ఆఫీసుకి ఫొటోలు ఇచ్చింది తానేనన్న సంగతి దాచలేదు. ఆ చలికాలంలో యాత్రికులు తీసిన ఫొటోలు వందల కొద్దీ ఉన్నాయి, ప్రతి దాంట్లోనూ పార గ్యారీ చేతిలో ఉంది, టీ కప్పు మేవిస్ చేతిలో ఉంది. పైగా మేవిస్ స్వయంగా ఒప్పుకుంది. రివాజు ప్రకారం తవ్వినవాడిదే గొయ్యి, తవ్వినవాడు కమిటీ మనిషి, కాబట్టి చోటు కమిటీకొచ్చింది. గుడిసెలో టీ కొట్టు పెడతారు. ఆవిడకి ఏ లోటూ రానివ్వరు, ఆసుపత్రి పక్కన ముసలివాళ్ళ ఇళ్ళలో హీటరున్న గది చూశారు. ఉద్యోగం ఎలాగూ ఉంటుంది. అంతా ఆవిడ మేలు కోసమేనని అతగాడు నమ్ముతున్నాడు. అలాంటివాళ్ళతో అదే చిక్కు, దొంగైతే కనీసం మొహం తిప్పుకుంటాడు.

 వచ్చినవాడు నిజం మనిషని తనకి తెలీదని చెప్పింది మేవిస్.

"ఆయన చెప్పాడు కదండీ, భూముల ఆఫీసు నుంచి వచ్చానని," అన్నాడు కోలిన్.

 మేవిస్ భూముల ఆఫీసుకెళ్ళి మొత్తుకుంది. అక్కడి గుమాస్తా, తవ్వుతున్నట్టు ఏదైనా ఫొటో ఉందా అని అడిగాడు. నలభై ఏళ్ళు పొద్దున్నే ఒంటరిగా గోతిలో దిగిన మనిషిని ఎవరు ఫొటో తీస్తారు? ఆవిడ తవ్వినంత కాలం చూడటానికి ఎవరూ టికెట్టు కొనలేదు.

ఇక మిగిలింది కచేరీ మెట్లే. ఆదివారం, వీధి కిక్కిరిసి ఉండగా, వేషగాళ్ళిద్దరూ తిట్లకి సిద్ధమవుతుంటే మేవిస్ పార భుజాన వేసుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చి మెట్ల ముందు నిలబడింది. టోపీ తీసేసి, రబ్బరు బూట్లు వేసుకుని వచ్చింది. తన గొయ్యి దొంగలెత్తుకుపోయారు, విచారించమంది. కోలిన్ మొహం కోటు రంగుకి వచ్చింది. జనం ముందు వేషం విడవకూడదన్న నియమం పెట్టింది తానే. గొంతు సవరించుకుని, చెప్పుకోమన్నాడు.

మేవిస్ చెప్పింది. ముత్తాత ఓడ గురించీ, తండ్రి మొండితనం గురించీ, మిల్లు గురించీ, మంచు రాలిన పొద్దుల్లో నాలుగు బకెట్ల గురించీ. చేతులు చాపి కాయలు చూపించింది. పొగడ్తకి పడిపోయానని కూడా చెప్పింది, ఆ ముక్క చెప్పేటప్పుడు తల దించుకుంది. ఆవిడ ఎప్పుడూ అంత పేలవంగా మాట్లాడలేదు. మాటలు తడబడ్డాయి, మధ్యలో ముక్కు చీదుకుంది. ముందు వరసలో ఒకతను చిప్స్ తినడం ఆపేశాడు. పిల్లల్ని భుజాల మీదినుంచి దించి దగ్గరికి పొదువుకున్నారు. ఈ ముసలావిడకి గొయ్యి తిరిగివ్వాలనేవాళ్ళు చేతులెత్తండని కోలిన్ అనక తప్పలేదు. వీధిలో ఎత్తని చెయ్యి లేదు. రొట్టెల కొట్టు గుమ్మంలోంచి డాట్ పిండి చేతులు రెండూ ఎత్తింది. ఇక కోలిన్ నిటారుగా నిలబడి, ఈ నేల నేటినుంచీ మేవిస్ పాస్కోదనీ, ఆవిడ మీద చెయ్యి వేసినవాడికి సంకెళ్ళు వేయిస్తాననీ ప్రకటించాడు. జనం టోపీలు గాల్లోకి విసిరారు. కొందరు నిజంగానే ఏడ్చారు.

అన్ని చేతులు ఒక్కసారి లేస్తే ఎవరికైనా నమ్మబుద్ధవుతుంది. మేవిస్ పార భుజాన వేసుకుని తిన్నగా గుడిసెకి నడిచింది. అక్కడ గ్యారీ, ఇంకో ఇద్దరూ లోపలికి టీ బల్లలు మోస్తున్నారు. మంచం బయట ఎండలో ఉంది. కమిషనరు తీర్పు చెప్పాడు, బల్లలు తీసేయమంది. గ్యారీ బల్ల దించి గడ్డం కిందకి లాక్కున్నాడు.

"పెద్దమ్మా, అది ఆట కదా."

"నువ్వు తవ్విందీ ఆటేగా."

 గ్యారీ మళ్ళీ బల్ల ఎత్తుకున్నాడు. ఎత్తుకోక ఏం చేస్తాడు, వాడికీ ఇంకో ఉద్యోగం లేదు.

ఆ సాయంత్రమే కోలిన్, మేవిస్‌ని చేర్చిన ముసలివాళ్ళ ఇళ్ళకొచ్చాడు. అంతకు ముందెన్నడూ జనం అలా ఏడవలేదనీ, ఆ ఆటని ఇకమీద రోజూ పెట్టాలని కమిటీ తీర్మానించిందనీ చెప్పాడు. ముక్కు చీదడం తప్పకుండా ఉంచమన్నాడు. తలుపు మొహాన వేస్తుందని అతగాడు రెండడుగులు వెనక్కి కూడా వేశాడు. మేవిస్ వేయలేదు, ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకున్నావే, సిగ్గు లేదా అని డాట్ కడిగేస్తే, ఆ జనంలో ఏదో ఒక రోజు భూముల ఆఫీసు మనిషి ఉండకపోతాడా అంది. నాకు తెలిసి అదొక్కటే కారణం. మెట్ల ముందు నిలబడినప్పుడు నిక్కరు వేసుకున్న మగాడు ఎవడు కనిపించినా వాడివైపే తిరిగి చెప్పుకునేది.

ఇప్పుడు మోరన్స్ గల్లీలో అన్నిటికన్నా పేరున్న ఆట అదే. గేటు దగ్గరి పోస్టరు మీద మేవిస్ బొమ్మ, కోలిన్ బొమ్మ కన్నా పెద్దది. రోజూ ఆవిడ పార భుజాన వేసుకుని వస్తుంది, చేతులు లేస్తాయి, నేల ఆవిడదవుతుంది. గేటు మూసే గంట మోగాక పాత గుడిసె పక్కనుంచే బస్సు స్టాపుకి నడిచి వెళుతుంది. అక్కడ కొబ్బరి కేకూ టీ అమ్ముతున్నారు. గోతి మీద గాజు పలక పరిచారు, పిల్లలు దాని మీద నిలబడి కిందకి చూస్తారు.

మొన్న అలా వెళుతుంటే, అడిలైడ్ నుంచి వచ్చిన ఒకావిడ, ఐస్‌క్రీం కారిపోతున్నా పట్టించుకోకుండా వెనకాలే పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆవిడ కళ్ళింకా తడిగానే ఉన్నాయి.

"ఏమనుకోకండి. ఆ కథలో ముసలావిడ నిజంగా ఉండేదా? ఆవిడ నేల ఆవిడకి నిజంగా ఇచ్చారా?"

బస్సు వచ్చి ఆగింది. మేవిస్ చెయ్యి విడిపించుకుని మెట్టెక్కింది.

"ఇచ్చారమ్మా," అంది. "రోజూ ఇస్తూనే ఉన్నారు."